సీటీ స్కాన్ రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్క సీటీ అంటే 300-400 ఎక్స్‌రేలు తీయించుకున్నట్టే.

2021 మేలో, కోవిడ్ సెకండ్ వేవ్ మధ్యలో, అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా చెప్పిన లెక్క ఇది. రేడియాలజిస్టుల సంఘం కాదంది గానీ మాట జనంలో నిలిచిపోయింది. నిజానికి సీటీలన్నిటికీ ఒకే లెక్క కుదరదు. తల సీటీకి డోసు సుమారు 2 మిల్లీసీవర్టులు (ఒంటికి చేరే రేడియేషన్‌ను కొలిచే లెక్క), మామూలు ఛాతీ సీటీకి 5-7. అదే ఛాతీని లో-డోస్‌లో తీస్తే ఒకటిన్నర దగ్గరే సరిపోతుంది. మనం ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి వచ్చేది ప్రపంచ సగటున 2.4. కోవిడ్ లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లు ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు కోసం సీటీకి పరుగెత్తొద్దని గులేరియా చెప్పిన దాంతో మాత్రం నాకు పేచీ లేదు.

అపోహ: లెడ్ ఏప్రాన్ కప్పలేదంటే టెక్నీషియన్ నిర్లక్ష్యమే.

స్కాన్ తీసే మాతో ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. పొట్ట స్కాన్ చేస్తూ పొట్ట మీద సీసం కప్పితే చూడాల్సిందే కనబడదు. స్కాన్ చేసే భాగానికి దూరంగా కప్పినా ఒరిగేది చాలా తక్కువ, ఎందుకంటే అక్కడికి చేరే కిరణాల్లో ఎక్కువ భాగం ఒంటి లోపలి నుంచే చెదిరి వస్తాయి. పైగా ఏప్రాన్ అంచు స్కాన్‌లో పడితే, మనిషి లావుగా ఉన్నాడనుకుని మెషిన్ తనంతట తానే ఎంఏ (ఎక్స్‌రే ట్యూబులో కరెంటు, అది పెరిగితే డోసూ పెరుగుతుంది) పెంచేస్తుంది. పేషెంట్ల పొత్తికడుపుకు షీల్డు వేసే అలవాటు మానేయమని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే చెప్పింది. పేషెంటును పట్టుకోవడానికి గదిలో ఉండే అటెండెంటుకు మాత్రం ఏప్రాన్ తప్పనిసరి.

ఎవరూ అడగని సంగతి బల్ల ఎత్తు. లేజర్ గీత ఒంటికి సరిగ్గా మధ్యలో పడాలి. నాలుగైదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే టోపోగ్రామ్‌లో (స్కాన్‌కు ముందు తీసే నమూనా చిత్రంలో) మనిషి ఉన్నదానికంటే లావుగా కనబడొచ్చు, అప్పుడూ ఎంఏ పెరుగుతుంది. ఛాతీ స్కాన్‌కు చేతులు పైకెత్తమనేది కూడా ఇందుకే. చేతులు పక్కనే ఉంటే కిరణాలు వాటిని కూడా దాటాలి.

అపోహ: కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌లో రేడియేషన్ ఉంటుంది, ఇంటికెళ్లాక పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఉండదు. అది లోపలి భాగాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే అయోడిన్ మందు. పిల్లలకు కొన్ని గంటలు దూరంగా ఉండమనేది పెట్ స్కాన్‌కు, రేడియేషన్ ఉండేది ఆ ఇంజెక్షన్‌లో. సీటీలో ఎక్స్‌రే ఆగిన క్షణమే అంతా అయిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు.

అపోహ: ఎన్నిసార్లు తీస్తే అంత బాగా తెలుస్తుంది.

ప్లేన్ (మందు లేకుండా), కాంట్రాస్ట్ (మందు ఎక్కించి), డిలేడ్ (కాసేపాగి) అంటూ పొట్టను మూడు ఫేజుల్లో తీస్తే డోసు కూడా దాదాపు మూడింతలు. లివర్‌లో గడ్డకు ఆ ఫేజులు కావాలి. కిడ్నీలో రాయి ఉందో లేదో చూడటానికి లో-డోస్ ప్లేన్ ఒక్కటి చాలు. పాత స్కాన్ సీడీ బీరువాలో వదిలేసి వస్తే, తీసిందే మళ్లీ తీయాల్సి రావచ్చు.

అపోహ: డోసు రిపోర్టులో ఉన్న అంకే నా ఒంటికి తగిలిన రేడియేషన్.

సీటీడీఐ అనే ఆ అంకె 16 లేదా 32 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ దిమ్మె మీద కొలిచిన లెక్క. సన్నటి పిల్లాడి పొట్టకు 32 సెంటీమీటర్ల లెక్క వేస్తే, అసలు డోసు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే పిల్లలకు కేవీ (ఎక్స్‌రే ట్యూబు వోల్టేజి), ఎంఏ విడిగా తగ్గించిన ప్రోటోకాల్ వాడాలి. అది ఉందా అని స్కాన్‌కు ముందే అడగండి. అడిగినందుకు విసుక్కునే సెంటర్ అయితే ఇంకోటి చూసుకోండి.