నిషేధ జాబితా ఉంటే రసాయనాలు అదుపులో ఉన్నట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పారిశ్రామిక రసాయనాల భద్రతకు జాతీయ వ్యవస్థ ఎలా ఉండాలన్న చర్చ ఎక్కడ జరిగినా మొదట వినిపించే మాట ఇదే: "వేటిని నిషేధించాలో చెప్పండి, ఉత్తర్వు ఇచ్చేస్తాం." అలా అనేవారి చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ మనుషులకు ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ అదే. అందుకే ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

అపోహ: ప్రమాదకరమైన వాటిని నిషేధిస్తే చాలు. నిషేధం లేనిది సురక్షితం.

పెద్ద ప్రమాదాలను ఒకసారి గుర్తు చేసుకోండి. 1984లో భోపాల్‌లో బయటికొచ్చిన మిథైల్ ఐసోసయనేట్ పురుగుమందు తయారీలో మధ్య దశలో వాడే రసాయనం. 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో పేలిన అమ్మోనియం నైట్రేట్‌ను ప్రపంచమంతా ఎరువుగా వాడుతోంది. అక్కడి గిడ్డంగిలో 2,750 టన్నులు ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. కస్టమ్స్ అధికారులు న్యాయమూర్తులకు లేఖలు కూడా రాశారు. సరుకు ఉందని తెలుసు, దాన్ని అక్కడి నుంచి కదిలించే బాధ్యత ఎవరిదో మాత్రం తేలలేదు. 200 మందికి పైగా చనిపోయారు. ఏ నిషేధ జాబితా వాళ్లను కాపాడేది?

ముందుచూపు లేకుండా ఒకదాన్ని తప్పిస్తే ఇంకో చిక్కు వస్తుంది. కాలిఫోర్నియాలో క్లోరిన్ ఉన్న ద్రావకాలకు బదులు హెక్సేన్ అనే మరో ద్రావకం కలిసిన బ్రేక్ క్లీనర్లు వాడకంలోకి వచ్చాక, కొందరు వాహన మెకానిక్‌లకు కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నాయి.

కాబట్టి మొదట కావలసింది లెక్క. ఏ రసాయనం, ఎవరు తయారు చేస్తున్నారు లేదా దిగుమతి చేసుకుంటున్నారు, ఎంత, దేనికి, ఎక్కడ నిల్వ ఉంది? కస్టమ్స్ రికార్డుల్లో ఇదంతా దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. దొరకదు. అక్కడ ఒకే కోడ్ కింద ఎన్నో పదార్థాలు 'ఇతరములు'గా కలిసిపోతాయి. పేర్లతోనూ చిక్కే: ఫార్మాల్డిహైడ్‌ను ఒకరు మెథనాల్ అంటారు, ఇంకొకరు మెథనల్ అంటారు. మొదటిది వేరే రసాయనం, రెండోది ఇదే. 50-00-0 అన్న క్యాస్ నంబరు, అంటే ఒక్కో రసాయనానికి ప్రపంచమంతటా ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్య, రాస్తే ఆ గందరగోళం ఉండదు.

ఒక చిన్న వర్క్‌షాపులో లోహపు భాగాలు కడిగే అమ్మాయి నన్ను పక్కకు పిలిచి అడిగింది: "మేడమ్, నేను గర్భవతిని. దీనివల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా?" డ్రమ్ము మీద వ్యాపార నామం తప్ప ఇంకేమీ లేదు. సరఫరాదారుకు ఫోను చేస్తే వచ్చిన జవాబు, "ఇది నిషేధిత రసాయనం కాదండీ, భయం అక్కర్లేదు." ఆ రోజు ఆమెకు నేను ఏమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే అందులో ఏముందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమెను వేరే పనిలోకి మార్పించి, తయారీదారు నుంచి భద్రతా సమాచార పత్రం, అంటే సరుకులో ఏముందో, దాని ప్రమాదాలూ జాగ్రత్తలూ ఏమిటో చెప్పే పత్రం, తెప్పించాం. అందులో ఉన్నది టోలుయీన్. గర్భస్థ శిశువుకు హాని చేస్తుందన్న అనుమానం ఉన్నదిగా వర్గీకరించిన ద్రావకం. ఆమె భయం పూర్తిగా న్యాయమైనది. నిషేధిత రసాయనం కాదన్న సరఫరాదారు మాటలోనూ అబద్ధం లేదు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

అపోహ: జాతీయ జాబితాలో నమోదైతే ప్రభుత్వం పరీక్షించి ఆమోదించినట్టే.

నమోదు వేరు, మదింపు వేరు. రసాయనాల నియంత్రణకు అమెరికా 1976లో చేసిన చట్టం అప్పటికే వాడకంలో ఉన్న సుమారు 62,000 రసాయనాలను పరీక్షలేవీ అడగకుండానే జాబితాలోకి చేర్చుకుంది. పాత రసాయనాల మదింపు తప్పనిసరి అయింది 2016 సవరణతోనే.

అపోహ: సొంత ప్రయోగశాలలు లేని దేశం ఏమీ చేయలేదు.

ప్రతి దేశమూ ప్రతి రసాయనాన్నీ మళ్లీ పరీక్షించనక్కర్లేదు. నిర్దిష్ట పద్ధతుల్లో చేసిన పరీక్షల ఫలితాలను పరస్పరం అంగీకరించే ఏర్పాటు ఓఈసీడీ (ప్రధానంగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) దేశాల మధ్య 1981 నుంచే ఉంది, బయటి దేశాలూ అందులో చేరవచ్చు. రసాయనాల నమోదు, మదింపులకు ఐరోపా సమాఖ్య చేసిన రీచ్ చట్టాన్ని మక్కీకి మక్కీ దించుకోవాలన్న తొందర కూడా వద్దు. అమలు చేసే సిబ్బంది లేని చట్టం కాగితంగానే మిగులుతుంది. లెక్క, లేబులు, తనిఖీ, బాధ్యత వహించే ఒక శాఖ, ఈ నాలుగింటితో మొదలుపెట్టండి.

అపోహ: "ఆ ఫ్యాక్టరీ గాలిలో విషం ఉందట, ఫలానాది తాగితే విరిగిపోతుందట."

ఇలాంటి సందేశాలను దయచేసి ముందుకు పంపకండి. లీకైన రోజున ఇవి మనుషులను తప్పు దిక్కుకు పరుగెత్తిస్తాయి. భయపడేవారిని నేను తప్పుపట్టను, సమాచారం దొరకనప్పుడు భయం సహజం. మీరు పని చేసే చోట ఉన్న ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రాన్ని మీకు తెలిసిన భాషలో అడగండి. 16 విభాగాలూ చదవలేకపోతే ముందు మూడు చూడండి: ప్రమాదాలకు 2, ప్రథమ చికిత్సకు 4, గాలి వెలుతురు, చేతి తొడుగులు, మాస్కుల వంటి రక్షణలకు 8. పత్రమే లేదంటే తనిఖీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి.