వాడిన అణు ఇంధనం: ఊరివారి అపోహలు, మా శాఖవారి అపోహలు

రియాక్టరులో కాలి బయటికి వచ్చిన ఇంధనాన్ని ఇరవై ఏళ్లకు పైగా చూశాను, ఒక్కసారీ ముట్టుకోలేదు. చూడడమంటే లోతైన కొలను గట్టున నిలబడి నీళ్లలోంచి చూడడమే. ఉద్యోగ విరమణ తర్వాత బంధువులూ కాలేజీ పిల్లలూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. కానీ అపోహలన్నీ అడిగేవారివే అనుకోకండి. కొన్ని మా అణుశక్తి శాఖ వేదికల మీద పుట్టాయి. వాటిలో ఒకదాన్ని నేనూ చాలాకాలం ప్రచారం చేశాను.

అపోహ: అది డ్రమ్ముల్లో పచ్చగా మెరిసే ద్రవం.

ద్రవం కాదు. జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేర్చిన గట్టి బిళ్లలు. మన 220 మెగావాట్ల భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో 19 గొట్టాలు కలిపితే ఒక బండిల్: అర మీటరు పొడవు, పదహారు కిలోల పైచిలుకు బరువు. రియాక్టరు నడుస్తుండగానే రోజుకు ఎనిమిది దాకా పాతవి తీసి కొత్తవి పెడతారు. చూపుకు రెండూ ఒకటే. కొత్తదాన్ని తొడుగులు వేసుకుని చేత్తో ఎత్తవచ్చు. అప్పుడే బయటికి వచ్చినదాని పక్కన అడ్డు లేకుండా నిలబడితే ప్రాణం దక్కదు. అదే దాని మీద కొన్ని మీటర్ల నీళ్లు ఉంటే గట్టు మీద నిశ్చింతగా నిలబడవచ్చు (టీ మాత్రం తాగనివ్వరు). మెరుపు కొంత నిజమే, కానీ అది నీలం, అదీ నీళ్లలో పుట్టేది.

అపోహ: హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర వాడిన ఇంధనం దాస్తున్నారు.

లేదు. అక్కడి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారు చేసేది కొత్త ఇంధనం. వాడినది అక్కడికి తిరిగి రాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో రైతులు ఫిర్యాదు చేసేది కూడా దీని గురించి కాదు, యురేనియం తీసేశాక మిగిలే గని వ్యర్థపు చెరువు గురించి. ఆ గొడవ వేరు, చిన్నది మాత్రం కాదు.

అపోహ: పునఃశుద్ధి చేస్తాం కాబట్టి మనకు వ్యర్థమే ఉండదు.

నేను ప్రచారం చేసింది ఇదే. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే అంత సులువుగా నోట్లోంచి వచ్చేది. భారజల రియాక్టరు నుంచి వచ్చిన ఇంధనంలో నూటికి 98 పాళ్లకు పైగా ఇంకా యురేనియమే. ప్లుటోనియం అర పాలుకన్నా తక్కువ. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం కేంద్రాల్లో బండిళ్లను ముక్కలు కోసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి ఈ రెంటినీ వేరు చేస్తారు. మిగిలిన ఆ కాస్త ద్రావణంలోనే రేడియోధార్మికతలో అత్యధిక భాగం ఉంటుంది. దాన్ని బోరోసిలికేట్ గాజుగా మార్చి, ఉక్కు పాత్రల్లో పోసి, గాలితో చల్లబడే గదుల్లో ఉంచుతారు. పరిమాణం బాగా తగ్గుతుంది, సున్నా కాదు. పైగా శుద్ధి చేసే క్రమంలోనే తక్కువ తీవ్రత గల వ్యర్థాలు వేరుగా పుడతాయి.

ఇక వేరు చేసిన ప్లుటోనియాన్ని వాడుకునే ఫాస్ట్ బ్రీడర్ సంగతి. కల్పాక్కంలో 500 మెగావాట్ల నమూనా రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైతే, దాని గర్భాన్ని (కోర్) నింపే పని మొదలైంది 2024 మార్చిలో. అన్నం సిద్ధం, విస్తరి రావడానికి ఇరవై ఏళ్లు.

గాజుదిమ్మలను చివరికి ఎక్కడ పాతిపెడతారని అడిగితే, ఇప్పట్లో ఆ అవసరం లేదన్నదే మా శాఖ జవాబు. సాంకేతికంగా తప్పు కాదు, చల్లబడనివ్వడమూ మంచిదే. కానీ 2012 నవంబరులో ఏం జరిగిందో చూడండి. తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసులో, వ్యర్థం పాతే చోటుగా కోలారు బంగారు గనుల పేరు వినిపించగానే, తెలుగు కూడా వినిపించే ఆ ఊరు భగ్గుమంది. అక్కడ 1980లలో రాయి వేడిని ఎలా తట్టుకుంటుందో ప్రయోగాలు చేసిన మాట నిజం. వ్యర్థం తెచ్చే ఆలోచన లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకుంది. ముప్పై ఏళ్లలో ఆ ఊరివారికి ఆ ప్రయోగాల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, కోర్టు కాగితాల ద్వారా తెలిసింది. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

అపోహ: జనం భయపడతారు, దీన్ని ఎక్కడ పాతిపెట్టాలో ఏ దేశంలోనూ తేలదు.

ఫిన్లాండ్‌లో తేలింది. ఒల్కిలువోటో దగ్గర 400 మీటర్లకు పైగా లోతున, దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటి రాతిలో సొరంగాలు తవ్వారు. వాడిన ఇంధనాన్ని రాగి పెట్టెల్లో పెట్టి, చుట్టూ బెంటోనైట్ మట్టి కూరుతారు. ఆ దేశపు చట్టం ప్రకారం స్థానిక పురపాలక సంఘం వద్దంటే ఆ పని అక్కడితో ఆగినట్టే. అక్కడి పురపాలక సంఘం యురాజోకి 2000లో ఒప్పుకుంది. అప్పటికే ఆ ఊరు రియాక్టర్లతో కాపురం చేస్తోంది.

అమెరికా దారి వేరు. 1987లో కాంగ్రెస్ మిగతా స్థలాలన్నీ పక్కనపెట్టి నెవాడాలోని యక్కా కొండను ఖరారు చేసింది. నెవాడాలో ఒక్క అణు విద్యుత్ కేంద్రమూ లేదు. ఆ రాష్ట్రం దశాబ్దాల పాటు పోరాడింది, 2010లో ఒబామా ప్రభుత్వం ప్రాజెక్టును ఆపేసింది. 1998 నుంచి ఇంధనం తీసుకెళ్తామని విద్యుత్ సంస్థలకు రాసిచ్చిన మాట తప్పినందుకు అక్కడి ప్రభుత్వం ఇప్పటికీ నష్టపరిహారం కడుతోంది. కొండలో రాయి మంచిదా కాదా అన్నది తర్వాతి ప్రశ్న. అడగకుండా నెత్తిన పెట్టారన్నదే నెవాడా కోపం.

అపోహ: రియాక్టరు విదేశానిది, చెత్త కూడా వాళ్లే పట్టుకుపోతారు.

ఇది విన్నప్పుడల్లా నాకు తారాపూర్ గుర్తొస్తుంది. 1969లో అక్కడ మొదలైన రెండు రియాక్టర్లకు ఇంధనం అమెరికాది. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత సంబంధాలు చెడ్డాయి. కాలిన ఇంధనాన్ని వాళ్లు వెనక్కి తీసుకోలేదు, మనం శుద్ధి చేసుకుంటామంటే ఒప్పుకోనూ లేదు. అసలు ఒప్పందం గడువు 1993లో తీరింది. ఇంధనం మాత్రం కొలనులోనే ఉండిపోయింది.

కూడంకుళం కథ ఇంకో రకం. 1988 ఒప్పందంలో వాడిన ఇంధనం సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లాలి. ఆ దేశమే లేకుండా పోయింది. తర్వాతి ఒప్పందంలో అది మన దగ్గరే ఉంటుందని మార్చుకున్నారు. రియాక్టరు కొలను అవతల వేరే నిల్వ కట్టాల్సి వచ్చింది, సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత దానికి గడువూ పడింది. 2018లో మరికొంత సమయం కావాలని, ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ కోర్టును అడిగింది. 2019 జూలైలో జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ. అక్కడ అనుకుంటున్నవి ఆరు వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. అమెరికా షరతులున్న ఇంధనాన్ని శుద్ధి చేసుకోవడానికి 2010లో కుదిరిన ఏర్పాటు ప్రకారం, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలో ఉండే ప్రత్యేక కేంద్రం కొత్తగా కట్టాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ (SHANTI) విద్యుత్ కేంద్రాలకు ప్రైవేటు సంస్థలను అనుమతించినా, పునఃశుద్ధిని కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉంచింది. నాకు అది సబబే అనిపిస్తుంది. ఇరవై ముప్పై ఏళ్లకు చేతులు మారే కంపెనీకి ఇంత పొడవైన బాధ్యత అప్పగించలేం. కాకపోతే కొలను నిండే వేగం కంపెనీ చేతిలో, ఖాళీ చేసే వేగం ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఆలస్యమైతే ఖర్చు ఎవరిదో ఒప్పందం మీద సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

పరిహారం, పునరావాసం గురించి కొవ్వాడ మత్స్యకారులు చాలాకాలంగా అడుగుతున్నారు, అడగాల్సిందే. ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఇంకో రెండు ప్రశ్నలు వేయమని నా సలహా. కొలను ఏ సంవత్సరానికి నిండుతుంది? ఆ మర్నాడు వాడిన ఇంధనపు పెట్టె ఏ ఊరికి బయలుదేరుతుంది?