ఇంటర్ బయాలజీ: అడ్మిషన్ల టేబుల్ దగ్గర వినిపించే అపోహలు - అసలు వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు అడ్మిషన్ల డ్యూటీ పడుతుంది. పదో తరగతి మెమో పట్టుకుని తండ్రి వస్తాడు, వెనకాల అమ్మాయి. "లెక్కల్లో కొంచెం వీక్ మేడమ్, బైపీసీలో వేసెయ్యండి" అంటాడాయన. అమ్మాయి నోరు విప్పదు. హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఏటా అవే మాటలు. అందులో కొన్నింటికి టేబుల్ దగ్గర జవాబు చెప్పే తీరిక ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బయాలజీ అంటే బట్టీయే

పూర్తిగా అబద్ధం అనను. మా దగ్గర చాలా ఏళ్లుగా నడుస్తున్న 60 మార్కుల థియరీ పేపర్లో 20 మార్కులు రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలవి. నిర్వచనాలు వల్లె వేస్తే అక్కడిదాకా గట్టెక్కుతారు. చిక్కంతా ఆ తర్వాతే.

ఫాబేసీ, అంటే చిక్కుడు కుటుంబం, పువ్వు గురించి అడిగితే గడగడా అప్పజెప్పే అమ్మాయి ఒకతి ఉండేది. రేకుల్లో ఒక ధ్వజం, రెండు బాహువులు, రెండు ద్రోణులు; తొమ్మిది కేసరాలు ఒక కట్టగా, పదోది విడిగా. ఒక్క మాట తప్పు పోదు. వాళ్లది తాండూరు దగ్గర ఊరు, ఇంట్లో కంది వేస్తారు. పంట పూత మీదున్న రోజుల్లో ఊరికి వెళ్తుంటే, వచ్చేటప్పుడు కంది పూలు తెమ్మన్నాను. "కందా? అది కూడా ఫాబేసీయేనా మేడమ్?" అంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చేను మరి!

సోమవారం తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. సూదితో మెల్లగా విప్పాం. ద్రోణి లోపల దాక్కున్న కేసరాలు బయటపడగానే తనే లెక్కపెట్టి, "ఇదొక్కటే వేరుగా ఉంది, చూడండే" అని పక్క బెంచీ వాళ్లను కేకేసింది. ద్విబంధక కేసరాలు, అంటే రెండు కట్టలుగా ఉండే కేసరాలు, అనే మాట ఆమె మళ్లీ చదువుకోవాల్సిన అవసరం రాలేదు. సొలనేసీకి, అంటే వంకాయ కుటుంబానికి, ఉమ్మెత్త పువ్వు తెప్పిస్తాను. అది రోడ్డు పక్కనే దొరుకుతుంది. విషపు మొక్క కాబట్టి పని అవగానే అందరినీ చేతులు కడుక్కోమంటాను.

నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360. అందుకని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని వాక్యం వాక్యం మింగిస్తున్నారు. ఆ పుస్తకం చదవాల్సిందే, అందులో మాట లేదు. కానీ అదే వాక్యాన్ని తిప్పి, రెండు వాక్యాలుగా చేసి ఏది సరైనదని అడిగితే, మింగినవాళ్లే ముందు తడబడతారు.

అపోహ: ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడం

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. సీనియర్ రికార్డు చూసి జూనియర్, ఆ జూనియర్‌ది చూసి ఇంకొకరు. ఒకసారి ఎవరో పటంలో ఒక భాగానికి తప్పు పేరు పెడితే, ఆ తప్పు మూడు బ్యాచ్‌ల దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. వారసత్వ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఉల్లి వేరు కొన ప్రయోగం తీసుకోండి. గ్లాసులో నీళ్లు పోసి, అడుగు తగిలేలా ఉల్లిగడ్డ పెడితే రెండు మూడు రోజుల్లో వేళ్లు వస్తాయి. పొద్దున్నే కొనలు కత్తిరించి, ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచుతాం. తర్వాత పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వేడి చేసి, అసిటోకార్మిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కుతాం. జారకుండా నొక్కడంలోనే ఉంది పనితనమంతా.

మైక్రోస్కోప్‌లో చూసిన పిల్లలు నూటికి తొంభైమంది అనే మాట ఒకటే: "మేడమ్, నా స్లైడ్ ఫెయిలైంది." ఎందుకంటే రికార్డులో ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ నాలుగూ వరసగా, సమానంగా ఉంటాయి. ఇక్కడేమో గుండ్రటి కేంద్రకాలున్న మామూలు కణాలే కుప్పలు తెప్పలు. విభజన జరుగుతున్నవి వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి.

స్లైడ్ ఫెయిలవలేదు. చూడాల్సింది సరిగ్గా అదే. కణం తన జీవితంలో ఎక్కువ భాగం అంతర్దశలోనే, అంటే రెండు విభజనల మధ్య దశలోనే, ఉంటుంది. మానవ కణ చక్రం సుమారు 24 గంటలనుకుంటే విభజన దాదాపు ఒక గంట పని, మిగతాదంతా దానికి సన్నాహం. వేరు కొనలో కణాలన్నీ ఒకేసారి విభజన మొదలుపెట్టవు కాబట్టి, ఎన్ని కణాలు ఏ దశలో ఉన్నాయో లెక్కేస్తే ఏ దశకు ఎంత సమయం పడుతుందో అంచనా కట్టవచ్చు. ఇది పిల్లలకు వెలిగిన రోజు ల్యాబ్‌లో గోలగోలగా ఉంటుంది. నేను వారించను.

నేను మొదట చేరిన కాలేజీలో అరవైమందికి పనిచేసే మైక్రోస్కోప్‌లు రెండే. ఒక్కొక్కరికి అర నిమిషం. ఇప్పటికీ కొన్నిచోట్ల అదే స్థితి, అందులో పిల్లల తప్పేమీ లేదు. చాలా ఏళ్లుగా రెండో ఏడాది చివర్లో బోటనీకి 30, జువాలజీకి 30 మార్కుల ప్రాక్టికల్ పరీక్ష ఉంటూ వచ్చింది. "అక్కడ వేసేస్తార్లే" అనే భరోసా ఎక్కువయ్యేకొద్దీ ల్యాబ్ తలుపు తెరిచే రోజులు తగ్గుతాయి.

అపోహ: లెక్కలు రానివాళ్లకు బైపీసీ

మొదటి దెబ్బ ఫిజిక్స్‌లోనే తగులుతుంది, అది అందరికీ తెలిసిందే. బయాలజీలోనూ లెక్కలుంటాయని మాత్రం ఎవరూ చెప్పరు. వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ బఠాణీలు తీసుకోండి. ఆయన సూత్రం ప్రకారం రెండో తరంలో నిష్పత్తి 3:1 రావాలి. ఆయనకు వచ్చినవి 5474 గుండ్రని విత్తనాలు, 1850 ముడుతలవి. భాగిస్తే 2.96. "3 రావాలి కదా మేడమ్?" అని అడిగే పిల్ల దొరికిందంటే ఆ రోజు నాకు పండగే. అప్పుడు అందరి చేతా రెండేసి రూపాయి నాణేలు ఎగరేయిస్తాను. ఒక్క బొమ్మైనా పడితే గుండ్రని విత్తనం, రెండూ బొరుసైతే ముడుతది. పదిసార్లు ఎగరేసినవాళ్లకు నిష్పత్తి ఎటో పోతుంది. క్లాసు మొత్తానివి కలిపేసరికి 3:1కి దగ్గరగా వస్తుంది. ఇంత జరిగాక, జువాలజీలో పరిణామం పాఠంలో జనాభాలో జన్యువుల నిష్పత్తిని లెక్కగట్టే హార్డీ-వీన్‌బర్గ్ సమీకరణం ఎదురైతే వాళ్లకు టెన్షన్ ఉండదు.

అపోహ: కప్పను కోయాలి, బొద్దింకను కోయాలి

ఆ రోజులు పోయాయి. ఇప్పుడు చార్టులు, మోడళ్లు, ముందే తయారుచేసి పెట్టిన స్లైడ్లు. భయపడి కోర్సు మార్చుకోకండి. బొద్దింక రక్తానికి రంగెందుకు ఉండదన్న ప్రశ్న మాత్రం తప్పదు: ఆక్సిజన్‌ను వాయునాళాలు నేరుగా కణజాలాలకు చేరుస్తాయి, రక్తానికి ఆ పని లేదు, కాబట్టి హిమోగ్లోబిన్ అక్కర్లేదు.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకు నీట్ కష్టం

నీట్ 13 భాషల్లో ఉంటుంది, వాటిలో తెలుగు ఒకటి. తెలుగు కోరుకున్నవాళ్లకు ప్రశ్న ఇంగ్లిష్‌లో కూడా కనిపిస్తుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది కాబట్టి రెండు పేర్లూ తెలిసి ఉండాలి. అది అదనపు శ్రమే, కాదనను. కానీ తెలుగు పేరు చాలాసార్లు తన అర్థాన్ని తనే చెప్పుకుంటుంది. పత్రరంధ్రం అంటే ఆకులో ఉన్న రంధ్రమని విడమరిచి చెప్పక్కర్లేదు. స్టొమాటా అన్నప్పుడు మొహాలు ఖాళీగా పెట్టినవాళ్లు ఈ మాటకు తలూపుతారు. ఆకుల నుంచి నీరు ఆవిరవడాన్ని చెప్పే బాష్పోత్సేకం అనే మాటకు నోరు తిరగదు, నిజమే.

అపోహ: డాక్టర్ కాకపోతే రెండేళ్లూ దండగ

అగ్రికల్చర్, హార్టికల్చర్, వెటర్నరీ, ఫిషరీస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ. జాబితా పెద్దదే. అడ్మిషన్ రోజున ఎవరూ వినిపించుకోరు, నీట్ ఫలితాల తర్వాత అందరూ ఫోన్ చేస్తారు.

అపోహ: పుస్తకంలోవన్నీ ఎక్కడో విదేశాల్లో కనిపెట్టినవి

మలేరియా పాఠంలో దోమ లోపల జరిగే దశలకు రాస్ చక్రం అని పేరు. ఎనిమిది మార్కుల ప్రశ్నగా రావచ్చని జువాలజీలో అందరూ పటంతో సహా నేర్చుకుంటారు. రాస్ ఎక్కడ పనిచేశాడని ఒకసారి అడిగితే క్లాసంతా లండన్ అంది.

సికింద్రాబాద్‌లో. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించుకోమని, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు రోనాల్డ్ రాస్. కొన్ని రోజులాగి 1897 ఆగస్టు 20న అలాంటి ఒక దోమను కోసి చూస్తే, దాని జీర్ణాశయం గోడలో మలేరియా పరాన్నజీవి దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన ఆ పని చేసిన భవనం ఇప్పటికీ బేగంపేటలో ఆయన పేరుతోనే ఉంది.

"బేగంపేటంటే, పాత ఎయిర్‌పోర్ట్ దగ్గరా మేడమ్?" అంది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి. "మా బస్సు రోజూ అటు నుంచే వస్తుంది."