టెంట్ లోపల కురిసిన వాన

చిరంజీవులు బుజ్జికి, కన్నకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నానమ్మా క్షేమం. విమానం దిగి పది రోజులైనా నాకు పగలు నిద్ర ముంచుకొస్తోంది, రాత్రి కళ్ళు తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు. ఊరంతా పడుకుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

బుజ్జీ, మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేక మాట మార్చాను. నువ్వు గమనించే ఉంటావు. ఆగస్టు చివర్లో మీ అమెరికాలో మనం లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు ఒడ్డున టెంట్ వేసుకుని పడుకున్న మొదటి రాత్రి గుర్తుంది కదా. తెల్లారి లేచేసరికి నీ స్లీపింగ్ బ్యాగ్ కాళ్ళ దగ్గర తడి. తల ఎత్తి చూస్తే పై గుడ్డకు వరసలు వరసలుగా నీటి బొట్లు. కన్న ఒళ్ళు విరుచుకుంటూ చెయ్యి పైకెత్తాడు, అంతే, అందరి మొహాల మీదా చినుకులు. "తాతయ్యా, రాత్రి వాన పడిందా?" అన్నావు. జిప్పు తీసి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను పెద్దమనిషిలా "టెంట్‌కు ఎక్కడో చిల్లు పడింది" అని తేల్చేశాను. కొత్త టెంట్ అది. మీ నాన్న మొహం చిన్నబోయింది.

రెండో రాత్రి మీరు అదే టెంట్ మోసుకుని అడవిలోకి వెళ్ళారు. మోకాళ్ళు ఒప్పుకోక నేనూ నానమ్మా కింద ఊళ్ళో గది తీసుకుని ఉండిపోయాం. మర్నాడు తిరిగొచ్చి, "ఈసారి ఒక్క చుక్క లేదు" అన్నారు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాను. నువ్వు మాత్రం నెల రోజులు దాచుకుని మొన్న అడిగావు, "చిల్లు ఉంటే రెండో రాత్రి ఎందుకు కారలేదు తాతయ్యా?" అని.

బాగా అడిగావు. చిల్లు లేదమ్మా. తప్పు టెంట్‌ది కాదు, చాలామటుకు నాది.

అన్నం గిన్నె మీద మూత ఎప్పుడైనా తీసి చూశావా? లోపలి వైపు బొట్లు నిండి ఉంటాయి. ఆ నీళ్ళు ఎవరూ పైన పొయ్యలేదు, బియ్యంలోంచి లేచిన ఆవిరే మూతకు తగిలి బొట్లయింది. మన టెంట్ ఒక గిన్నె అనుకో. వాన ఆగడానికి పైన కప్పే గుడ్డ, రెయిన్ ఫ్లై అంటారే, అది మూత. లోపల పడుకున్న నలుగురం బియ్యం. పొయ్యి ఏదీ అంటావా? పొయ్యి కూడా మనమే. ఒక్కొక్కరి ఒంట్లో 37 డిగ్రీల పొయ్యి రాత్రంతా ఆరకుండా మండుతూనే ఉంటుంది. నిద్రలో మనిషి ఊపిరిలోంచీ ఒంట్లోంచీ సుమారు ఒక గ్లాసుడు నీళ్ళు ఆవిరై బయటికి పోతాయి. నలుగురివీ కలిపితే లీటరుకు అటూ ఇటూ. పైగా ఆ సాయంత్రం సరస్సులో ఆడి వచ్చి తడి తువ్వాళ్ళు టెంట్ లోపలే తాడు కట్టి ఆరేశారు, అంటే గిన్నెలో ఇంకో చెంబెడు ఎసరు. అప్పుడు నేనేం చేశాను? చలి చలి అని గోల పెట్టి, ఉన్న జిప్పులన్నీ మూయించి, పైన గాలి కోసం పెట్టిన చిన్న కిటికీలు కూడా మీ నాన్న చేత కట్టించేశాను. మూత బిగించానన్నమాట. అన్నం ఉడికినట్టు ఉడికాం.

పక్క టెంట్‌లో మీ అమ్మా నానమ్మా పడుకున్నారు. వాళ్ళ గుడ్డా తడిసింది గానీ చినుకులు రాలేదు. ఎందుకంటే నానమ్మ కిటికీ వెయ్యనివ్వలేదు, ఊపిరాడదంది. యాభై ఏళ్ళుగా గంజి పొంగకుండా మూత ఓరగా పెట్టే మనిషి కదా, ఆవిరికి దారి వదలాలని ఆవిడకు ఒకరు చెప్పాలా!

ఇక్కడికి సగం ప్రశ్నే తీరింది. రెండో రాత్రి కూడా అదే గిన్నె, నలుగురు మనుషులే, నా బదులు మీ అమ్మ. కిటికీలు తెరిచి ఉంచామన్నారు, సరే. కానీ నానమ్మ కిటికీ తెరిచినా ఆవిడ గుడ్డ కొంత తడిసింది కదా, మీది ముట్టుకుంటే పొడిగా ఎలా ఉంది? దానికి ఆ రెండు చోట్లూ ఎలాంటివో ఒకసారి తలుచుకోవాలి.

మొదటి చోటును వాళ్ళు రస్టిక్ క్యాంప్‌గ్రౌండ్ అంటారు. కరెంటు లేదు, కుళాయి లేదు, స్నానాల గది లేదు. ఒక చేతిపంపు, ఒక చెక్క బల్ల, మంట వేసుకోవడానికి ఇనుప చుట్టు, కాస్త ఎడంగా గొయ్యి మీద కట్టిన మరుగుదొడ్డి. "అక్కడ ఏమీ ఉండదు నాన్నా" అని మీ నాన్న నన్ను ముందే భయపెట్టాడు. నా చిన్నప్పుడు మా ఇంట్లో చేతిపంపు కూడా లేదు, నాకు అది మంచి లాడ్జీలానే కనిపించింది. నాకు బాధ కలిగించింది ఒక్కటే, ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయని తిండితో పాటు నా అమృతాంజనం డబ్బా కూడా కారులో పెట్టి తాళం వేశారు.

ఇంకో సంగతికీ గొణిగాను. ఇంటి వెనక దుంగలు పడి ఉండగా అక్కడికి వెళ్ళి కట్టెలు కొనడమేమిటని. తరవాత తెలిసింది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు అమెరికాలో మొదట 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, కోట్ల యాష్ చెట్లను చంపేసింది. అది కట్టెల్లో దాక్కుని మన కార్లలోనే ఊళ్ళు దాటుతుందట. అందుకని ఏ అడవి దగ్గర మంట వేస్తే ఆ అడవి దగ్గరి కట్టెలే కొనాలి. ముసలివాడు గొణిగాడని మీరు మాత్రం ఎప్పుడూ ఇంటి నుంచి కట్టెలు తీసుకుపోవద్దు.

ఆ చోటు సరస్సుకు ఎదురుగా ఉంది, నెత్తిన ఒక్క కొమ్మ లేదు. సరస్సంటున్నాను గానీ దాన్ని అలా పిలవడానికి నోరు రాదు. 82,100 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం ఊళ్ళు ఎత్తి అందులో పెట్టొచ్చు. లోతైన చోట 406 మీటర్లు. అక్కడి ఆదివాసులు ఒజిబ్వేలు దాన్ని గిచిగమి, అంటే పెద్ద సముద్రం అన్నారు, అదే సరైన పేరు. ఆగస్టులో కూడా కాళ్ళు పెడితే ఎముకలు జివ్వుమన్నాయి. దాని పక్కన గాలిలో తేమకు కొదవేముంటుంది?

రెండో చోటు పోర్కుపైన్ మౌంటెన్స్, ముళ్ళపంది కొండలు. దూరం నుంచి చూస్తే ముళ్ళపంది ముడుచుకుని కూర్చున్నట్టు ఉంటాయని ఆ పేరట. గొడ్డలి పడని పాత అడవి మిగలాలని 1945లో పార్కు చేశారు. అక్కడ మీరున్నది బ్యాక్‌కంట్రీ. కారు పోదు, చేతిపంపు కూడా లేదు. వాగు నీళ్ళు ఫిల్టర్ చేసి తాగారు, తిండి మూట ఎత్తైన ఇనుప స్తంభానికి తగిలించారు. మీరు పంపిన ఫోటో మళ్ళీ చూశాను. టెంట్ మీద గొడుగు పట్టినట్టు హెమ్లాక్ చెట్లు. ఆకాశం చేటంత కూడా కనిపించడం లేదు.

తేడా అంతా అక్కడుంది.

నాకు పదేళ్ళప్పుడు పంట కళ్ళంలో ఉండగా రాత్రి కాపలాకు మా నాన్నతో వెళ్ళేవాణ్ణి. ఆయన ధాన్యపు రాశి పక్కన గడ్డి పరుచుకుని పడుకునేవాడు. నన్ను మాత్రం చింతచెట్టు కింద పడుకోబెట్టేవాడు. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని మా మేనత్త చెప్పిన కథలన్నీ సరిగ్గా అప్పుడే గుర్తొచ్చేవి. దానికి తోడు చెట్టు కింద నుంచి చుక్కలు కనిపించవు. ఒక రాత్రి ఆయన గురకపెట్టేదాకా ఆగి, గొంగళి లాక్కుంటూ వచ్చి ఆరుబయట పడుకున్నాను. ఎన్ని చుక్కలనుకున్నావు! లెక్కపెడుతూ నిద్రపోయాను. తెల్లారేసరికి వణుకు. గొంగళి బరువెక్కి పోయింది, పిండితే నీళ్ళు. చింతచెట్టు కింద నేను వదిలేసిన గడ్డి పరుపు పొడిపొడిగా ఉంది. నాన్న తిట్టలేదు. గొంగళి తీసి కొమ్మ మీద ఆరేసి, "మంచు దిగింది" అని మాత్రం అన్నాడు.

పైనుంచి మంచు దిగుతుంది, చెట్టు దాన్ని గొడుగులా పట్టుకుంటుంది. అరవై ఏళ్ళు నేను అలాగే అనుకున్నాను. నీ ప్రశ్న వచ్చేదాకా అనుమానమే రాలేదు. పైనుంచి దిగేదైతే టెంట్ గుడ్డ పైవైపున ఆగిపోవాలి కదా, లోపలి వైపు ఎలా చేరింది?

నాలాగే అనుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. అది నిజమో కాదో పరీక్షించి చూసినవాడూ ఒకడున్నాడు. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే డాక్టరు తోటలో రాత్రిపూట ఉన్ని ముద్దలు పెట్టి, ముందూ తరవాతా తూచి చూసి, తను కనిపెట్టింది 1814లో అచ్చువేశాడు. ఆకాశానికి ఎదురుగా పెట్టిన ఉన్ని బాగా బరువెక్కేది, పైన పలక అడ్డంగా ఉంటే తక్కువ. పలక గొడుగులా అడ్డుపడిందేమో అంటావా? ఆయనకూ ఆ అనుమానం వచ్చింది. పైన తెరిచి ఉన్న మట్టి గొట్టాన్ని గడ్డి మీద నిలబెట్టి అందులో ఉన్ని పెట్టాడు. నిలువుగా పడేదేదైనా గొట్టం లోపలా బయటా సమానంగా పడాలి కదా. గొట్టంలోది తక్కువ తడిసింది. గొట్టంలోంచి చూస్తే ఆకాశం కొంచెమే కనిపిస్తుంది, అదీ సంగతి.

అంటే మంచు దిగదు బుజ్జీ. రాత్రిపూట నేల మీద ఉన్న ప్రతిదీ, గడ్డీ గొంగళీ టెంట్ గుడ్డా, తనలోని వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. పైన చెట్టో మబ్బో ఉంటే అవీ తమ వేడిని కిందికి పంపిస్తాయి కాబట్టి ఇచ్చిందాంట్లో చాలావరకు తిరిగొస్తుంది. పైన చుక్కలు తప్ప ఏమీ లేకపోతే పోయింది పోయినట్టే. టెంట్ గుడ్డ పల్చటిది, దాచుకోవడానికి దానిలో ఏముంది? గంటల్లోనే చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. చల్లబడిన మూతకు కింద నుంచి మన ఊపిరి తగులుతుంది, పైనుంచి సరస్సు తేమ తగులుతుంది. రెండు వైపులా బొట్లే. (మా ఇంటి గిన్నె మూత వేడిగా ఉంటుంది కదా అని నువ్వు అడ్డు తగులుతావని తెలుసు. ఆవిరికంటే చల్లగా ఉంటే చాలు. ఇంక ఆ మూతను వదిలెయ్యి.)

నాకు విచిత్రంగా అనిపించేది ఏమిటంటే, చుక్కలు బాగా కనిపించిన రాత్రే టెంట్ బాగా తడుస్తుంది. ఆ రాత్రి పాలపుంత చూసి మీ ఇద్దరూ నోళ్ళు తెరిచారు చూడు, అదే దారిన మన వేడి పోతోంది. అంత దూరం కనిపించేలా ఆకాశం తెరుచుకుంటే దానికి కొంత ఇచ్చుకోక తప్పదు కాబోలు.

ఈసారి వెళ్ళినప్పుడు టెంట్ వేసే ముందు ఒక్కసారి నెత్తిమీదికి చూడండి. పచ్చటి కొమ్మ ఉంటే మంచిదే. ఎండిన కొమ్మ ఉంటే మాత్రం ఆ చోటు వద్దు, గాలికి విరిగి మీద పడుతుంది. చలిగాలి నీళ్ళలా పల్లానికి జారుతుంది, అందుకని కాస్త మెరక చూసుకోండి. చోటు ఎంచుకునే వీలున్న అడవిలో ఒడ్డు నుంచి 60 మీటర్లన్నా వెనక్కి జరగమంటారు. అది మన పొడి కోసం కాదు, నీళ్ళకు వచ్చే జంతువుల దారి మనం కాజెయ్యకూడదని, మన సబ్బూ గిబ్బూ నీళ్ళలో కలవకూడదని. ఎంత చలేసినా కిటికీ కొంచెం తెరిచే ఉంచండి. తాతయ్య మూయమన్నా మూయకండి. మీ నాన్నకు నా మాటగా సారీ చెప్పండి, మంచి టెంట్‌ను చిల్లు టెంట్ అన్నాను.

నేను చెప్పానని ఇదంతా నమ్మనక్కర్లేదు. మబ్బులేని, గాలిలేని రాత్రి చూసి రెండు స్టీలు పళ్ళాలు తుడిచి, ఒకటి పెరట్లో మీ మేపుల్ చెట్టు కింద, ఇంకోటి గడ్డి మధ్యలో ఆకాశం కింద పెట్టండి. ఎండ రాకముందే లేవాలి, అదే కష్టం. రెండిటి మీదా వేలితో గీత గీసి చూడండి. కన్న వేలు చిన్నది, వాడి చేత గీయించు, బాగా తెలుస్తుంది.

ఇక్కడ నిన్న వాన వెలిసి ఆకాశం తేటపడింది. పడుకునే ముందు నేనూ రెండు పళ్ళాలు పెట్టాను, ఒకటి మేడ మీద, ఒకటి మెట్ల పక్కన రేకు కింద. పొద్దున్నే టిఫిన్‌కు పళ్ళాలు ఏవని నానమ్మ వెతక్కముందే తేవాలి. తూర్పున తెల్లబడుతోంది, వెళ్ళి చూసొస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య