నాటకాలు చూద్దామనుకునేవాళ్లకి, లైట్లు వేసేవాడి నుంచి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో నాటకాలకి లైట్లు వేయడం నా పని. ఈ సీజన్‌లో ఏం చూడమంటావ్ అన్నా అని అడిగేదీ తెలిసినవాళ్లే, తీరా చెప్పాక ఈ రోజుల్లో నాటకాలేంటి అనేదీ వాళ్లే. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఇక్కడ నాటకాలు ఎక్కడ ఆడుతున్నాయి?

ఆడుతున్నాయి, మీకు కబురు అందట్లేదంతే. సినిమాలాగా వారాల తరబడి ఉండవు, ఒక్క సాయంత్రం వేసి రాత్రికి సెట్టు విప్పేస్తారు, మిస్సయితే మళ్లీ ఎప్పుడో. రవీంద్రభారతిలో, బంజారాహిల్స్ లామకాన్‌లో ఏమున్నాయో వారానికోసారి చూసుకుంటే చాలు. అసలు దక్ఖనీ ఉర్దూలో బబ్బన్ ఖాన్ 1965లో మొదలెట్టిన 'అద్రక్ కే పంజే' వేల షోలు ఆడింది ఈ ఊరి పుణ్యమే కదా.

అపోహ: గ్రాఫిక్స్ చూసిన కళ్లకి సురభి నాటకాలు ఏం ఆనతాయి?

ఒక్కసారి సురభి వాళ్ల మాయాబజార్ నాటకం చూసి ఈ మాట అనండి. 1885లో కడప జిల్లాలో కీచకవధ నాటకంతో మొదలైన నాటక కుటుంబాలు వీళ్లు, ఇప్పటికీ వాళ్ల పిల్లలే వేషం కడతారు, వాళ్లే తెరలు లాగుతారు. రెండు వైపుల నుంచి రెండు బాణాలు బయల్దేరి గాల్లో ఢీకొని నిప్పులు రాలతాయి చూడండి, అది సన్నటి తీగల మీద నడిచే వ్యవహారం, ఒక చెయ్యి క్షణం ముందు లాగితే మొత్తం పోయినట్టే, రీటేక్ ఉండదు. పిల్లల్ని తీసుకెళ్లాలంటే నా ఓటు దీనికే. అన్నట్టు ఆడవేషాలన్నీ మగవాళ్లే వేసేవారనేది కూడా సగమే నిజం, స్థానం నరసింహారావు గారి సత్యభామ గొప్పదే, కానీ సురభిలో మొదట్నుంచీ ఆడవాళ్లే ఆ వేషాలు కట్టారు.

అపోహ: పద్యనాటకం మనకి అర్థం కాదు.

ప్రతి మాటా అర్థం కానక్కర్లేదు. సత్యహరిశ్చంద్ర కాటి సీను దొరికితే వెళ్లండి, నాటకం బలిజేపల్లి వారిదే అయినా ఆ సీన్లో జాషువా గారి పద్యాలు కూడా పాడతారు. ఓసారి ఆ సీనుకి లైటంతా తగ్గించి సన్నటి నీలం ఒక్కటే ఉంచా, హార్మోనియం ఆగింది, హాల్లో చప్పుడు లేదు, నటుడు రాగం ఎత్తుకున్నాడు... మూడో వరుసలో ఒకాయన ఫ్లాష్ ఆన్ చేసి వీడియో మొదలెట్టాడు. శ్మశానం కాస్తా పెళ్లిపందిరి అయింది. దయచేసి ఫోన్ జేబులో పెట్టండి బాబూ.

అపోహ: కన్యాశుల్కం చదివేశాం, చూడక్కర్లేదు.

మొత్తం వేస్తే ఒక సాయంత్రం సరిపోదు, కాబట్టి ప్రతి ట్రూపూ తన కత్తిరింపు తను చేసుకుంటుంది. ఏది ఉంచారు, ఏది తీసేశారు, అది చూడ్డానికైనా వెళ్లొచ్చు.

అపోహ: ముందు వరుసే బెస్ట్ సీటు.

లామకాన్ లాంటి ఆరుబయట అయితే నిజమే, నటుడి చెమట కూడా కనిపిస్తుంది. సురభికి మాత్రం ఆరో వరుస దాటాక కూర్చోండి, ముందైతే తీగలు కనిపించి మజా పోతుంది. నేను మొదటి వరుసలోనే కూర్చుంటా, నేను వెళ్లేదే తీగల కోసం.