ద్రాస్‌లో రెండు చలికాలాలు – మా వీధి పిల్లలకు తాత ఉత్తరం

సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా (ఒడిశా),
సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు

ఒరేయ్ పిల్లలూ,

మొన్న భోగి మంట దగ్గర మీరందరూ ఒక్కసారి మీద పడి ప్రశ్నలు వేస్తే ఒక్కదానికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒకడేమో "తాతా, మైనస్ ఇరవైలో స్నానం ఎలా చేసేవాడివి?" అంటాడు, ఇంకొకడు పిడకల దండ లాగుతుంటాడు, చిన్నదేమో "మరి చచ్చిపోరా?" అని నా చొక్కా పట్టుకుని ఊపేస్తుంది. ఆ పొగలో, ఆ గోలలో ఏం చెప్తాం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పైగా పెద్దోడికి వచ్చే నెల లడఖ్ పోస్టింగు వచ్చింది కదా, వాడు కూడా చదవాలి. ఫోన్లో చెప్తే "సరే తాతా, సరే తాతా" అంటాడు తప్ప వినడు.

స్నానం సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు మిగతాది చదవరు. వారానికి ఒకసారి, అదీ ఎండ వస్తేనే. మిగతా రోజుల్లో వేడి నీళ్ళలో గుడ్డ ముంచి తుడుచుకోవడమే. మామ్మకి ఇది చెప్పకండి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ చెప్పలేదు.

నేను ద్రాస్‌లో డ్యూటీ మీద ఉన్నది 1980లలో. లడఖ్‌లో, అప్పటి కార్గిల్ జిల్లాలో, దాదాపు 3,280 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. 1999 యుద్ధంలో అక్కడి తోలోలింగ్, టైగర్ హిల్ కొండల పేర్లు టీవీలో మోగాక అందరికీ తెలిసింది గానీ, నేను వెళ్ళేనాటికి మన వైపు ఎవరికైనా చెప్తే "అదెక్కడ, అస్సాంలోనా?" అనేవాళ్ళు. శ్రీనగర్ నుంచి జోజి లా కనుమ దాటి వెళ్ళాలి. చలికాలం ముదిరేసరికి ఆ కనుమ మంచుతో మూసుకుపోయేది, తెరుచుకోవడం మళ్ళీ ఎండలు ముదిరాకే. అందుకని పప్పు, బియ్యం, కిరోసిన్, మందులు, ఉత్తరాల కాగితాలతో సహా అన్నీ ముందే లారీల్లో చేరిపోవాలి. ఆఖరి లారీ వెళ్ళిపోయిన రోజు సాయంత్రం అందరూ కాస్త మాటలు తగ్గించి తిరిగేవాళ్ళు.

మన తెలుగులో మంచు అన్న ఒక్క మాటే పెట్టుకుని అన్నిటికీ వాడేస్తాం. పొద్దున్నే దేవమాలి కొండ కనపడకుండా కమ్మేదీ మంచే, గడ్డి మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. మొదటి ఏడు నేను ఇంటికి "ఇక్కడ మంచు బాగా పడుతోంది, మోకాలి దాకా వచ్చింది" అని ఉత్తరం రాశాను. అమ్మ ఎవరిచేతో రాయించిన జవాబు ఎప్పటికో చేరింది. "ఇక్కడ కూడా మంచు బాగానే పడుతోంది నాయనా, తలకి తువ్వాలు చుట్టుకో, లేకపోతే రొంప పడుతుంది." అంతే. మోకాలి దాకా అన్న ముక్క ఆవిడకి ఎక్కనే లేదు. ఆ రాత్రి డ్యూటీలో కూడా తలుచుకుని నవ్వుకున్నాను. నిజానికి ఆవిడ చెప్పింది తప్పేం కాదు, అక్కడా తలకి చుట్టుకోవాల్సిందే.

అంత చలి ఎందుకంటే, ఒకటి ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన సిమిలిగుడ 900 మీటర్లకి అటూ ఇటూ ఉంది కాబట్టే ఘాటీ దిగి సాలూరు చేరేసరికి మీరు స్వెట్టర్లు విప్పి బ్యాగులో కుక్కుతారు. రెండోది లోయ. చల్లటి గాలి బరువుగా ఉంటుంది, రాత్రి మబ్బు లేకపోతే నేల వేడంతా పైకి పోతుంది, అప్పుడు ఆ చల్లటి గాలి కొండల మీద నుంచి నీళ్ళలాగే పల్లానికి పారి అక్కడ నిలిచిపోతుంది. మన ఊళ్ళోనూ గమనించండి, వాగు పక్క మడిలో గడ్డి తెల్లబడిన రోజున మిట్ట మీద స్కూలు దగ్గర ఏమీ ఉండదు. లంబసింగికి అంత పేరు రావడంలోనూ ఈ కిటుకు ఉంది. సైబీరియాలో ఒయ్‌మ్యాకోన్ అని ఒక ఊరుంది, అక్కడ 1933లో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. అదీ కొండల మధ్య గిన్నె లాంటి చోటే.

ద్రాస్‌లో ఇప్పుడు "ప్రపంచంలో జనం ఉండే చోట్లలో రెండో అతి చల్లని ఊరు" అని బోర్డు పెట్టారు, దాని దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. నాకు ఆ బోర్డు మీద పెద్ద నమ్మకం లేదు. సైబీరియాలో యాకూత్స్క్ అని మూడు లక్షల పైన జనం ఉన్న నగరమే ఉంది, వాళ్ళు వింటే నవ్వుతారు. మేం చూసింది జనవరి రాత్రుల్లో మైనస్ ఇరవైలు మామూలు, ఒక రాత్రి ముప్పై దాటింది. లెక్కల పిచ్చి ఉన్నవాడికి ఒక ముక్క: మైనస్ 40 దగ్గర సెల్సియసూ ఫారెన్‌హీటూ ఒకటే అంకె చూపిస్తాయి. అటుపక్కకి వెళ్ళేసరికి థర్మామీటర్లో పాదరసమే గడ్డకట్టేస్తుంది, అందుకే అలాంటి చోట స్పిరిట్ పోసినవి వాడతారు.

ఇక అసలు విషయం. మీరు అనుకుంటున్నట్టు చలి ఒక్కటే మనిషిని చంపదు. నేను చూసినంతలో తడి చంపుతుంది, లేకపోతే నిప్పు చంపుతుంది. రెండిట్లోనూ నాకు అనుభవం అయింది కాబట్టి చెప్తున్నాను.

తడి సంగతి. ఒంటి మీద ఎంత మందంగా వేసుకున్నామన్నది కాదు, ఎన్ని పొరలు వేసుకున్నామన్నది ముఖ్యం, ఎందుకంటే వెచ్చదనం ఉండేది గుడ్డలో కాదు, పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలిలో. లోపల చెమట పీల్చి బయటికి పంపేది, దాని మీద ఉన్ని, అన్నిటికన్నా పైన గాలి దూరనిది. నూలు బనియన్ పనికిరాదు, తడిస్తే ఆరదు. కొత్తలో నేను మంచు తవ్వే పనిలో కోటు విప్పకుండా తెగ తవ్వాను, చెమట కారింది, బూటులో సాక్స్ తడిసింది, ఏం కాదులే అని అలాగే రెండు గంటలు కాపలా నిలబడ్డాను. ముందు ఎడమకాలి చిటికెనవేలు మండింది. తర్వాత సూదులు గుచ్చినట్టయింది. ఆ తర్వాత ఏమీ లేదు, హాయిగా ఉంది. ఆ హాయే ప్రమాదం. బూటు విప్పి చూస్తే వేలు కొవ్వొత్తి రంగులో ఉంది, గోటితో నొక్కితే వేరే ఎవరిదో నొక్కినట్టుంది. పక్కనున్న కుర్రాడు పాపం మంచి బుద్ధితోనే మంచు తీసి రుద్దబోయాడు. మా హవల్దారు వాడి చెయ్యి పట్టుకుని ఒక్క అరుపు అరిచాడు. రుద్దకూడదు, లోపల కండ చిట్లిపోతుంది. మంట దగ్గర పెట్టకూడదు, తెలియకుండా కాలిపోతుంది. మోచెయ్యి ముంచితే గోరువెచ్చగా తగిలే నీళ్ళలో పెట్టాలి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించనే కూడదు, ముందు క్షేమమైన చోటికి చేరాలి. నా వేలు నిలిచింది, కానీ ఇప్పటికీ మన ఊరి చలికే అందరికన్నా ముందు అదే చెప్తుంది, ధనుర్మాసం వచ్చిందిరా అని.

అప్పటి నుంచి చొక్కా లోపల, పొట్ట మీద ఒక జత సాక్స్ పెట్టుకుని తిరిగేవాడిని, ఒంటి వేడికి ఆరేవి. కంపు గురించి అడక్కండి.

నిప్పు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది ద్రాస్‌లోనే కాదు, మన వీధిలో కూడా ఉంది. అక్కడ గది మధ్యలో బుఖారీ అని ఒక ఇనప పొయ్యి ఉండేది, కిరోసిన్‌తో మండుతుంది, పొగగొట్టం కప్పులోంచి బయటికి. ఒక రాత్రి మంచు పడి గొట్టం మూతి మూసుకుపోయింది. గాలి రాకుండా తలుపు సందుల్లో మేమే గోనెసంచులు కుక్కాం. నాకు అర్ధరాత్రి మెలకువ వచ్చింది, తల పగిలిపోతోంది, వాంతి వచ్చేట్టుంది, లేద్దామంటే కాళ్ళు నావి కావు. ఎలాగో పాకి తలుపు తన్నాను. మిగతా ముగ్గురినీ ఈడ్చి బయట మంచులో పడేశారు కాపలావాళ్ళు. నలుగురమూ బతికాం. ఇంకో పావుగంట నిద్రపోయి ఉంటే ఈ ఉత్తరం లేదు.

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్ని పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లు గట్టిగా దీన్ని పట్టుకుంటుంది, వదలదు. పొగ ఉంటే దగ్గొచ్చి లేస్తాం, కానీ బొగ్గులు బాగా ఎర్రబడి పొగ పోయాక అందరికీ ధైర్యం వచ్చేస్తుంది, "ఇంక పొగ లేదు కదా" అని కుంపటి తెచ్చి మంచం కింద పెట్టి తలుపేసుకుంటారు. పొగ లేని బొగ్గే ఈ విషం ఎక్కువ వదులుతుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు కోప్పడినా సరే, కుంపటి గదిలో ఉంటే కిటికీ తీయండి, పడుకునే ముందు బయట పెట్టేయండి. చలికి ఇంకో రగ్గు కప్పుకోవచ్చు.

అక్కడి వాళ్ళు ఎలా ఉంటారని అడిగింది కదా మన చిన్నది. ద్రాస్‌లో షినా అనే భాష మాట్లాడతారు, నాకు పది మాటలు కూడా రాలేదు, కానీ ఒక ఇంట్లో టీ చాలాసార్లు తాగాను. ఉప్పు టీ. మొదటిసారి మర్యాదకి మింగాను, నాలుగోసారికి అడిగి పోయించుకున్నాను. ఆ వైపు ఇళ్ళకి మట్టి గోడలు మూరెడు పైన మందం, కిటికీలు చిన్నవి. చాలా ఇళ్ళలో కింద గొర్రెలు, పశువులు, పైన మనుషులు, పశువుల ఒంటి వేడి పైకి వస్తుంది. కప్పు మీద ఎండుగడ్డి, కట్టెలు పేర్చి ఉంటాయి, చలికాలమంతా ఇంటిల్లిపాదీ వంటగదిలోనే. గది గదికీ హీటరు పెట్టుకునే మన తెలివి వాళ్ళకి లేదు, ఉన్న ఒక్క వేడి చుట్టూ అందరూ కూర్చుంటారు.

వంట ఇంకో తమాషా. ఆ ఎత్తులో నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుతకుతలాడుతున్నా పప్పు ఉడకదు. కుక్కర్ లేకపోతే కందిపప్పు రాళ్ళే. గుడ్లు గడ్డకట్టి పెంకు చిట్లేవి, ఉల్లిపాయలు గోలీల్లా నేల మీద దొర్లేవి. నీటి పైపులు పగిలేవి, నీళ్ళు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి కదా. డీజిల్ కూడా మైనంలా పేరుకుపోతే డ్రైవర్లు ట్యాంకు కింద సెగ పెట్టేవాళ్ళు, చూస్తేనే నాకు టెన్షన్. ఇప్పుడు ఆ బాధ తగ్గింది, మైనస్ 33 దాకా పేరుకోని చలికాలపు డీజిల్ 2019 నుంచి లడఖ్‌లో దొరుకుతోంది.

పెద్దోడా, ఇది నీకు. వణుకుతున్నంత సేపు కాస్త నయం, వణుకంటే ఒళ్ళు తనంతట తాను వేడి పుట్టించుకోవడం. పక్కవాడు వణకడం మానేసి మాట ముద్దగా మాట్లాడుతున్నా, గుండీ పెట్టుకోలేకపోతున్నా, "వేడిగా ఉంది" అని కోటు విప్పబోతున్నా వాడు పోతున్నాడని లెక్క. వాడి మాట వినకు, తడి బట్టలు మార్చి దుప్పట్లలో చుట్టి డాక్టరు దగ్గరికి చేర్చు. రమ్ము తాగితే వెచ్చగా ఉంటుందని ఎవడో ఒకడు చెప్తాడు, నాకూ చెప్పారు. అది నెత్తుర్ని చర్మం దగ్గరికి తెచ్చి లోపలి వేడిని బయట పారబోస్తుంది, వెచ్చదనం అబద్ధం. దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగు, అక్కడ గాలి పొడి. ఎండలో మంచు మీద నల్లద్దాలు తియ్యకు, కళ్ళల్లో ఇసక పోసినట్టు రెండు రోజులు ఏడుస్తావు. వట్టి చేత్తో ఇనుము ముట్టుకోకు.

సామాను సర్దడానికి ఆదివారం వస్తాను. ఉన్ని సాక్స్ అయిదు జతలు, అందులో ఒక జత పడుకునేటప్పుడు మాత్రమే, అది బూటు ముఖం చూడకూడదు. సంతలో చోడిపిండి (రాగిపిండి) తెచ్చి మామ్మ వేయించి ఇస్తుంది, వేడి నీళ్ళల్లో కలుపుకుంటే అంబలి. ఇక చిన్నవాళ్ళు, రేపు తెల్లవారుజామున మబ్బు లేకపోతే వాగు పక్క మడి దగ్గరికి రండి, గడ్డి మీద తెల్లటి పొర చూపిస్తాను. చెప్పులు కాదు, బూట్లు. తలకి తువ్వాలు చుట్టుకోండి.

మీ తాత