కరెంటు పోయిన క్షణంలో ఫైలు ఎక్కడుంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు వేలాది కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి వైపు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. కాశీబుగ్గలో నేను కంప్యూటర్లు చూసే ఒక జీడిపప్పు వ్యాపారి కార్యాలయంలో తూకాల లెక్కలన్నీ ఒక నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలో (కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ పంచుకునే డిస్కుల పెట్టె) ఉండేవి. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ పెట్టెకు ఏమీ కాలేదు. సరఫరా పునరుద్ధరించిన రోజున గంటలో నాలుగైదు సార్లు కరెంటు వచ్చిపోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే ఖాళీ అయి ఉండడంతో పెట్టె పూర్తిగా లేవకముందే మళ్లీ మళ్లీ ఆగిపోయింది. మరుసటి రోజు చూస్తే చివరి రోజు తూకాల ఫైలు పేరు ఉంది, లోపల ఒక్క అంకె లేదు.

యూపీఎస్ ఉంటే చాలన్న నమ్మకం నాకు ఆ రోజుతో పోయింది. ‘రాశాను’ అని పెట్టె చెప్పినప్పుడు ఆ అక్షరాలు నిజంగా ఎక్కడున్నాయన్నది అసలు ప్రశ్న, దాని వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ 1984లో ఎన్ఎఫ్ఎస్‌ను, అంటే వేరే యంత్రంలోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా వాడుకునే పద్ధతిని తెచ్చినప్పుడు దాని రూపకర్తలు సర్వర్ (ఫైళ్లు దాచే యంత్రం, మన పెట్టె లాంటిది) హఠాత్తుగా ఆగిపోవడాన్ని మామూలు సంగతిగానే లెక్కలోకి తీసుకున్నారు. ఏ కంప్యూటర్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. అది పడిపోయి లేస్తే, జవాబు అందని కంప్యూటర్ అదే అభ్యర్థనను మళ్లీ పంపుతుంది. ఈ సరళత నిలవాలంటే ఒక షరతు ఉంది: డేటా డిస్కు మీదికి చేరాకే సర్వర్ ‘అందింది’ అని జవాబివ్వాలి. 1989లో పత్రంగా వెలువడిన రెండో వెర్షన్ ఈ షరతును గట్టిగానే పెట్టింది. ప్రతి ముక్కకూ డిస్కు కోసం ఆగడంతో రాత బాగా నెమ్మదించింది. అందుకే డేటా ఇంకా మెమరీలో ఉండగానే జవాబిచ్చే ‘అసింక్’ పద్ధతి వాడుకలోకి వచ్చింది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఎన్ఎఫ్ఎస్ ఉపకరణాల 1.0.0 వెర్షన్ వరకు ఏమీ పేర్కొనకపోతే ఆ పద్ధతే అమలయ్యేది. ఆ తర్వాతి వెర్షన్లు డిస్కు మీదికి చేరాకే జవాబిచ్చే ‘సింక్’కు మారాయి. వేగం కోసం భద్రతను తాకట్టు పెట్టిన ఆ కాలాన్ని నేను పొరపాటుగానే చూస్తాను, ఎందుకంటే తాకట్టు పెట్టిన సంగతి వాడేవారికి తెలియదు.

1995లో వచ్చిన ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్ ఈ చిక్కును తెలివిగా విప్పింది. కంప్యూటర్ ముందుగా డేటాను తాత్కాలికంగా అప్పగిస్తుంది, తర్వాత ‘ఇప్పుడు ఖాయం చెయ్యి’ అని విడిగా అడుగుతుంది. ప్రతి జవాబుతో సర్వర్ ఒక గుర్తు సంఖ్యను పంపుతుంది, సర్వర్ ఆగి లేచినప్పుడల్లా ఆ సంఖ్య మారిపోతుంది. కాటా దగ్గర ఇచ్చిన కచ్చా చీటీ మీద ఒక ముద్ర, ఖాతాలోకి ఎక్కించేటప్పుడు మరో ముద్ర కనిపిస్తే గుమాస్తా ఆ బస్తాలను మళ్లీ తూయిస్తాడు కదా, అలాగే సంఖ్య మారినట్టు చూసిన కంప్యూటర్ తన దగ్గర దాచుకున్న డేటాను మళ్లీ పంపుతుంది. మన కార్యాలయాల్లో దీనికొక ప్రత్యేక ప్రయోజనం ఉంది: కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది గాని, ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద బతికే ఉంటుంది. అయితే ఆ ల్యాప్‌టాప్‌లో జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండే ‘హార్డ్’ అమరిక ఉండాలి. ‘సాఫ్ట్’ అమరికలో అది కొంతసేపు చూసి దోషమని చెప్పి వదిలేస్తుంది. నాలుగో వెర్షన్‌లో ఫైలు తాళాలను (ఒకరు వాడుతుండగా మరొకరు ఫైలును మార్చకుండా వేసేవి) కూడా తిరిగి పొందడానికి సర్వర్ లేచాక కొంత గడువు ఉంటుంది. లినక్స్‌లో అది మామూలుగా 90 సెకన్లు.

ఎన్ఎఫ్ఎస్ లాంటి ప్రోటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే నియమావళి) ఎంత నిజాయితీగా ఉన్నా, కింద ఉన్న డ్రైవు అబద్ధం చెబితే అంతా వృథా. డ్రైవుకు సొంత కాష్ (కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక మెమరీ) ఉంటుంది, అందులో పడగానే ‘రాశాను’ అనేవి ఉన్నాయి. దీన్ని పట్టుకోవడానికి బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే ప్రోగ్రామర్ 2005లో రాసిన చిన్న పరీక్షా ప్రోగ్రాం నాకు ఇప్పటికీ అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. డిస్కు ఏది రాశానన్నదో నెట్‌వర్క్‌లోని మరో యంత్రం నమోదు చేస్తుంది. తీగ లాగి, మళ్లీ వెలిగించి, ఆ సాక్ష్యంతో డిస్కును పోల్చి చూస్తారు. సాక్షి బయట ఉండడమే అందులోని కీలకం. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద రాసే డ్రైవులు, ఎస్ఎస్‌డీలు, వచ్చాక సమస్య తీరిపోతుందనుకున్నవారికి 2013లో వెలువడిన ఒక పరిశోధన దిగ్భ్రాంతి కలిగించింది: అయిదు కంపెనీల 15 ఎస్ఎస్‌డీలకు మూడు వేలకు పైగా సార్లు కరెంటు కోసి చూస్తే 13 తప్పుగా ప్రవర్తించాయి, కొన్నిటిలో సగం రాత మాత్రమే మిగిలింది, పూర్తిగా చచ్చిపోయినవీ ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బాగా వాడుకలో ఉన్న 11 సాఫ్ట్‌వేర్లను పరిశీలించి, యంత్రం మధ్యలో ఆగిపోతే డేటా దెబ్బతినే 60 లోపాలను బయటపెట్టారు. రాతల వరుసను నమోదు చేసి, ఏ క్షణంలో ఆగినా ఏం మిగులుతుందో మళ్లీ ఆడించి చూసే సౌకర్యం 2015లో లినక్స్ కెర్నెల్‌లోనే (దాని మూల భాగంలోనే) చేరింది.

కాశీబుగ్గ పెట్టెను తర్వాత ఆ సాక్షి పద్ధతిలోనే పరీక్షించాను. ల్యాప్‌టాప్ నుంచి అంకె వేసిన వరుసలను ఒకదాని తర్వాత ఒకటి పంపుతూ, అందినట్టు జవాబు వచ్చిన ప్రతి అంకెనూ ల్యాప్‌టాప్‌లోనే రాసుకుంటూ, గోడ దగ్గర ప్లగ్ పీకేశాను. మొదటిసారి అందాయన్న వరుసల్లో చివరివి పెట్టెలో లేవు. అమరికల్లో ‘అసింక్’ ఉన్నట్టు అప్పుడే గమనించాను. దాన్ని మార్చి, డ్రైవు రాత కాష్‌ను ఆపేసి మళ్లీ ప్లగ్ పీకితే అంకెలు సరిపోయాయి, రాత మాత్రం స్పష్టంగా నెమ్మదించింది. పెట్టె లేస్తూ తన జర్నల్‌ను (చేయబోయే రాతల చిట్టాను) సరిచూసుకుంటున్న సమయంలో, దీపాలు ఇంకా మిణుకుతుండగానే మళ్లీ పీకాను, ఎందుకంటే తిత్లీ తర్వాత జరిగింది సరిగ్గా అదే. ఆ తర్వాత ఇంకోసారీ పీకాను. అది లేవడానికి ఎక్కువ సమయమే పట్టింది, కానీ తెరిచి చూసినప్పుడు ల్యాప్‌టాప్‌లో రాసుకున్న ఆఖరి అంకె పెట్టెలోనూ ఉంది.